స్పిరిట్‌తో తుడిచిన హెల్మెట్ అద్దం

పోయిన సోమవారం నేనొక అబద్ధం చెప్పాను. నలభై మంది ముందు, మైకులో, నవ్వుతూ చెప్పాను.

పశువైద్య సహాయకులుగా కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు నిజామాబాద్‌లో అయిదు రోజుల శిక్షణ పెట్టారు. రిటైరైనవాళ్లు ఎవరైనా వచ్చి ఓ గంట అనుభవాలు చెబితే బాగుంటుందని నన్ను పిలిచారు. మందుల గురించి, టీకాల గురించి ఆ పిల్లలకు నాకన్నా బాగా తెలుసు. అందుకని ఏ పుస్తకంలోనూ లేని సంగతి ఎంచుకున్నాను. వానలో బండి మీద ఊళ్లు తిరగడం, హెల్మెట్ అద్దం మసకబారకుండా చూసుకోవడం. అద్దం లోపలి వైపు సబ్బు రాసే పద్ధతి చేసి చూపించాను. "ఇది నేను కనిపెట్టింది" అన్నాను. పిల్లలు శ్రద్ధగా విన్నారు.

చివర్లో ముందు వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. పేరు మౌనిక, ధర్పల్లి దగ్గరి పిల్ల.

"సార్, మీరెప్పుడన్న బండి మీదికెళ్లి పడ్డరా?"

"ముప్పై మూడేండ్ల సర్వీసుల ఒక్కసారి కూడ పడలే బిడ్డా" అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి తల వంచుకుని నా మాట నోటుబుక్కులో రాసుకుంది. ఆ పెన్ను కదలడం చూస్తూ నిలబడ్డాను.

నేను పడ్డాను. నాతోపాటు పడి మోకాలు విరిగిన మనిషి బోధన్‌లో ఇంకా బతికే ఉన్నాడు. సబ్బు పద్ధతి కూడా నాది కాదు, ఆయనదే. ఈ రెండు అబద్ధాలనూ ఇరవై ఏళ్లుగా చెబుతూ వచ్చాను. అలవాటైన నోరు సోమవారం కూడా తడుముకోలేదు. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు ఏమైనా చెప్పే హక్కు నాకు ఉంటే, ముందుగా ఇదే చెప్పాలి.

ఉద్యోగం అంటే దారి

మా పని అంటే సూదులు వేయడం అనుకుంటారు. నా సర్వీసులో పశువు దగ్గర గడిపిన సమయం కన్నా దారిలో గడిపిందే ఎక్కువ. ఇందల్వాయిలో కొన్నాళ్లు, ధర్పల్లిలో కొన్నాళ్లు, మిగతాదంతా బోధన్ వైపే. చెరకు తోటల మధ్య దారులు. చెరకు తగ్గిన తర్వాత వరి మడుల మధ్య దారులు. వానకాలం దమ్ము చేసిన ట్రాక్టర్లు ఇనుప చక్రాలతోనే రోడ్డెక్కేవి, రోడ్డు పొడవునా బురద ముద్దలు రాల్చిపోయేవి. దాని మీద వాన పడితే ముందు పోయే బస్సు చక్రం ఆ బురదనంతా మన ముఖాన కొడుతుంది.

ఇంట్లో కూర్చుందామంటే వానకాలమే పశువులకు చెడ్డకాలం. గురక వ్యాధి అప్పుడే, గిట్టల పుండ్లు అప్పుడే. దూడ అడ్డం తిరిగిన బర్రె వాన వెలిసేదాకా ఆగదు.

ఊళ్లలో నన్ను డాక్టర్ సాబ్ అనేవారు. నేను డాక్టర్ను కాను, సహాయకుణ్ణి. మొదటి ఏడాది "నేను డాక్టర్ను కాదు" అని చెప్పేవాణ్ణి. తర్వాత చెప్పడం మానేశాను. ఎప్పుడు మానేశానో కూడా గుర్తు లేదు. మీరు మాత్రం మానకండి. లేని పేరు ఒకటి నెత్తి మీద పెట్టుకుంటే, దాన్ని కిందపడకుండా చూసుకోవడానికి ఎన్ని పనులైనా చేస్తాం.

ఆ రోజుల్లో మా వైపు హెల్మెట్ పెట్టుకునేవాళ్లు తక్కువ. నాకు కళ్లజోడు ఉంది. వానలో వేగంగా పోతుంటే చినుకులు గులకరాళ్లలా తగిలేవి, అందుకని కొన్నాను. మొదటిసారి పెట్టుకుని పోయినప్పుడు రెంజల్ సంతలో ఒకామె అన్న మాట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

"డాక్టర్ సాబ్ గంజు నెత్తి మీద బోర్లించుకొచ్చిండు. పాపం ఇంట్ల అమ్మ బువ్వ దేంట్ల వండుతదో!"

పౌలు చెప్పిన చదువు

బోధన్ వైపు ఆస్పత్రిలో నాతో పదకొండేళ్లు పనిచేసిన అటెండర్ పేరు పౌలు. నాకన్నా రెండేళ్లు పెద్ద. మెథడిస్టు కుటుంబం. ఈ ఉద్యోగానికి ముందు చెరకు లారీల మీద క్లీనరుగా తిరిగాడు, ఆ తర్వాత డ్రైవరయ్యాడు. చర్చికి ఒక పాత వ్యాను ఉండేది. ఆదివారం ముసలివాళ్లను ప్రార్థనకు తీసుకొచ్చేది, మిగతా రోజుల్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా నిజామాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్లేది. దాని తాళంచెవి పౌలు దగ్గర ఉండేది. జీతం లేదు. అది ఆయన సేవ. ఆ తాళంచెవిని నడుముకు దారంతో కట్టుకుని తిరిగేవాడు. మాటల మధ్యలో ఒకసారి దాన్ని తడుముకునేవాడు.

అద్దం గురించి నాకు తెలిసిందంతా ఆయన చెప్పిందే.

"సార్, అద్దానికి రెండు మసకలుంటయి. లోపటిది మన ఊపిరి. బయటిది వాన, బురద. దేని మందు దానిదే. రెండిటికి ఒక్కటే గుడ్డ పెడితే రెండూ ఖరాబైతయి" అనేవాడు.

లోపలి వైపుకు పొడి సబ్బు బిళ్ల. అద్దం మీద నాలుగు గీతలు గీసి, తడిపి పిండిన మెత్తటి గుడ్డతో కనబడకుండా పోయేదాకా రుద్దాలి. కంటికి ఏమీ కనిపించదు గానీ ఆ సన్నటి పొర ఉన్నంతసేపు ఊపిరి అద్దం మీద చుక్కలుగా నిలవదు. వానకాలమంతా పొద్దున్నే ఒకసారి చేయాలి. రుమాలు కట్టుకుంటే ముక్కు మీదుగా పైకి బిగించకూడదు, ఊపిరి తిన్నగా అద్దానికే పోతుంది. బండి మెల్లగా పోయేటప్పుడు అద్దం వేలెడు ఎత్తి ఉంచాలి. వేగం మీద ఉన్నప్పుడు తల కొంచెం పక్కకు తిప్పితే గాలే చినుకులను జార్చుకుపోతుంది.

బయటి బురదను ఎప్పుడూ పొడిగా తుడవకూడదు. బురదలో ఇసుక ఉంటుంది, అది అద్దాన్ని గీరుతుంది. ముందు నీళ్లు పోయాలి, తర్వాతే గుడ్డ. లారీల మీద ఉన్నప్పుడు వైపరు చెడిపోతే వాళ్లు బీడీ విప్పి, అందులోని తంబాకు తడిపి, ముందు అద్దానికి బయట రుద్దేవారట. హెల్మెట్‌కు అది వద్దనేవాడు. "వాసనకు డాక్టర్ సాబ్ బీడీలు తాగుతడని పేరొస్తది" అని నవ్వేవాడు.

ఇదంతా ఆయన చెప్పినప్పుడే నేను విని ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు. మా దగ్గరున్న సబ్బు, ఈత కష్టమైనప్పుడు బర్రె కడుపులో చెయ్యి పెట్టే ముందు మోచేతి దాకా రాసుకునే సబ్బు. దాన్ని ముఖం ముందు పెట్టుకోవడం నాకు నామోషీగా అనిపించింది. పైకి అనలేదు గానీ, ఇంకొకటి కూడా అనిపించింది. అటెండర్ చెబితే నేను వినాలా అని.

స్పిరిట్

నా దగ్గర నా పద్ధతి ఉంది. ఇది మా వృత్తివాళ్లే చేయగల తప్పు. సంచిలో ఎప్పుడూ స్పిరిట్ సీసా, దూది ఉంటాయి. చెయ్యి దానికే పోతుంది. అద్దం మురికైతే స్పిరిట్ దూదితో ఒక్క తుడుపు. నిమిషంలో తళతళలాడేది. నాకు అది శాస్త్రం, సబ్బు మొరటుతనం.

హెల్మెట్ అద్దం గాజు కాదు. స్పిరిట్ దాని పైపొరను మెల్లగా తినేస్తుంది. మొదట్లో తెలియదు. నాలుగైదు నెలలకు వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే వెంట్రుకకన్నా సన్నని పగుళ్లు, సాలీడు గూడులా. పగటి వెలుగులో అవి కనిపించవు. సందెవేళ, వానలో, ఎదురుగా బండి లైటు పడినప్పుడు ఒక్కొక్క పగులూ వెలుగుతుంది. అద్దమంతా తెల్లటి పొగ అయిపోతుంది.

పౌలు చూశాడు. నా హెల్మెట్ తీసుకుని ఆకాశం వైపు పట్టి తిప్పి తిప్పి చూశాడు.

"సార్, స్పిరిట్ పెట్టకుండ్రి. ఇది పగిలింది. కొత్తద్దం ఏయించుకోండ్రి."

"నాకు మంచిగనే కనవడుతుంది."

"ఇప్పుడు కనవడుతది. లైటు వడ్డంక కనవడది."

"డాక్టర్ నువ్వా నేనా, పౌలూ?"

ఆయన హెల్మెట్‌ను బండి అద్దానికి తగిలించి, "మీరే సార్" అన్నాడు. నడుము దగ్గరి తాళంచెవి తడుముకుంటూ లోపలికి పోయాడు.

మోరి

అది జరిగి వారం కాలేదు. సాయంత్రం అయిదు దాటాక రెంజల్ అవతలి ఊరి నుంచి గంగారెడ్డి మనిషిని పంపాడు. గంగారెడ్డి పసుపు, వరి పండించే రైతు. ఇంట్లో ఉన్నది ఒక్కటే పాడి బర్రె. మధ్యాహ్నం నుంచి నొప్పులు పడుతోంది, దూడ రావడం లేదు. నేను బండి తీశాను. అది నా సొంత బండి, ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. పౌలు తాళ్లు, సబ్బు ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. హెల్మెట్ ఒక్కటే, అది నా తల మీద.

వాన జోరుగా పడుతోంది. చీకటి పడబోతోంది. ఊరు రెండు కిలోమీటర్లుందనగా ఎదురుగా బస్సు వచ్చింది. లైట్లు అద్దం మీద పడగానే నా ముందు రోడ్డు మాయమైంది. అప్పుడు చేయవలసింది ఒక్కటే, అద్దం పైకెత్తి బండి ఆపడం. నేను ఎడమచేత్తో అద్దాన్ని తుడిచాను. బురద ఇంకా పులుముకుంది.

వెనక నుంచి పౌలు అరుపు వినబడింది. "సార్, మోరి! మోరి!"

మోరీ అంటే రోడ్డు కింది కల్వర్టు. దాని పక్కనున్న గుంటలో పడ్డాం. హెల్మెట్ వల్ల నాకు ఏమీ కాలేదు. పౌలు కాలు బండి కింద ఉంది. లేపితే లేచాడు, ఆ కాలు మీద బరువు మోపలేకపోయాడు. బండి స్టార్టు కాలేదు. సంచి మాత్రం వదల్లేదు. ఆ రెండు కిలోమీటర్లు నా భుజం పట్టుకుని కుంటుతూ నడిచాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. బర్రె ఆగదని ఇద్దరికీ తెలుసు.

మేం గంగారెడ్డి వాకిట్లోకి పోయేసరికి గంట ఆలస్యం. ఆయన తల్లి కొట్టం ముందే నిలబడి ఉంది.

"గంత ఆల్శం ఏంది బిడ్డా? బర్రె పానం పొయ్యేటట్టుంది. ఏమైంది?"

నేను ఆ అవ్వ ముఖం చూశాను. డాక్టర్ సాబ్ బండి మీది నుంచి పడ్డాడు అనే మాట నోటికి రాలేదు.

"పౌలు నడిపిండు అవ్వా. మోరీల వడేసిండు" అన్నాను.

ఆలోచించి చెప్పిన అబద్ధం కాదు. ఆలోచించే సమయమే లేదు. కానీ అది అంత తేలిగ్గా వచ్చిందంటే లోపల ఎప్పటినుంచో తయారుగా ఉందన్నమాట. పౌలు కొట్టం గుంజను పట్టుకుని నిలబడి ఉన్నాడు. విన్నాడు. నా వైపు చూశాడు. తర్వాత సంచి విప్పి సబ్బు తీశాడు.

ఈత పనిలో నీళ్లు పోసే మనిషి చెయ్యి ఎంత ముఖ్యమో కొత్తవాళ్లకు తెలియదు. ధార సన్నగా, తెగకుండా పడాలి. ఎక్కువైతే చేతి సబ్బంతా కొట్టుకుపోతుంది, చెయ్యి లోపలికి జారదు. ఆ సాయంత్రం పౌలు విరిగిన మోకాలితో, గుంజకు ఆనుకుని, దాదాపు గంటసేపు నా చేతుల మీద నీళ్లు పోశాడు. ఒక్కసారి కూడా ధార వణకలేదు. నేను దాన్ని గమనించాను కూడా. గమనించి, ఆ అవ్వతో ఒక్క మాట చెప్పలేదు.

దూడ తల వెనక్కి తిరిగి ఉంది. సరిచేసి బయటికి తీసేసరికి చచ్చిపోయింది. పెయ్యదూడ. గంట ముందు వస్తే బతికేది. బర్రె దక్కింది.

కాగితం మీద

ఎవరో పైకి చెప్పారు. మా పై అధికారి సంజాయిషీ అడిగారు. ఆయన దుర్మార్గుడు కాదు. కాగితం సరిగ్గా ఉంటే మనిషి కూడా సరిగ్గా ఉన్నట్టే అనుకునే రకం. అలాంటి అధికారులు మీకూ తగులుతారు. వాళ్ల దగ్గర అబద్ధం చెప్పడం చాలా సులువు, అందుకే వాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

"బండి ఎవరు నడిపారు?"

"అటెండర్ సార్."

"అయితే అదే రాసివ్వు. కింద అతని సంతకం పెట్టించు."

పౌలు అప్పుడు కాలికి కట్టుతో మంచంలో ఉన్నాడు. కాగితం పట్టుకుని వాళ్లింటికి పోయాను.

"ఏం రాసిండ్రు సార్?"

"జరిగిందే రాసిన."

ఆయన చదవలేదు. చదవగలడు, అయినా చదవలేదు. నా ముఖం చూస్తూనే పెన్ను అందుకుని కె. పౌలు అని పెట్టాడు.

ఆ తర్వాత నాకు ఏమీ కాలేదు. జరిగిందంతా పౌలుకే జరిగింది. ఊళ్లకు పోతే అరుగుల మీది మొగవాళ్లు ఊరుకునేవారు కాదు. "ఏం పౌలూ, ఇయ్యాల ఏ మోరీల వడేస్తవు సాబ్‌ను?" అనేవారు. ఆయన నవ్వేవాడు. నేనూ పక్కనుండి నవ్వేవాణ్ణి. తర్వాత సంగతి చర్చి దాకా పోయింది. ఆస్పత్రి కాగితం మీదనే ఉందట కదా అన్నారు పెద్దలు. రోగులను తీసుకుపోయే బండి కదా అన్నారు. వ్యాను తాళంచెవి ఇంకొకరికి ఇచ్చేశారు. ఒకరోజు పౌలు మాట్లాడుతూ నడుము తడుముకున్నాడు. అక్కడ దారం లేదు. చెయ్యి ఊరికే కిందికి జారింది.

ఆ నెలలోనే నేను కొత్త అద్దం వేయించుకున్నాను. సబ్బు రాయడం మొదలుపెట్టాను. మిగతా ఆస్పత్రులవాళ్లు చూసి అడిగితే చెప్పాను. మెల్లగా అది నా చిట్కా అయిపోయింది.

సోమవారం సాయంత్రం

శిక్షణ హాలు నుంచి తిన్నగా బోధన్ బస్సెక్కాను. పౌలు ఇల్లు మారలేదు. ఆయన భార్య రూతమ్మ తలుపు తీసింది. కుర్చీ వేసింది గానీ, ఎందుకొచ్చారని మాత్రం అడగలేదు. పౌలు కాలు చాచుకుని నులక మంచం మీద ఉన్నాడు.

నేను నిలబడే చెప్పాను. పొద్దున హాల్లో చెప్పిన అబద్ధం, దాని వెనకున్న పాత అబద్ధం, రెండూ. చెప్పి, "నన్ను మాఫ్ చెయ్యి పౌలూ" అన్నాను.

ముందు రూతమ్మే మాట్లాడింది.

"ఇరవై ఏండ్లకు యాదికొచ్చిందా సార్? మాకు యాది చేసుకునే పనే లేదు. వాన వడితె ఆయన మోకాలే యాది చేస్తది."

"ఊకో" అన్నాడు పౌలు.

"నేనెందుకు ఊకుంట? తాళంచెయ్యి ఇచ్చేసొచ్చిన్నాడు నువ్వు బువ్వ తిన్నవా? రెండు దినాలు గోడ దిక్కు తిరిగి పండుకోలేదా?"

పౌలు మంచం మీద లేచి కూర్చున్నాడు. నన్ను చూసి అన్నాడు.

"నాకు చెప్తె ఏం ఫాయిద? ఆ దినం బండి ఎవలు నడిపిండ్రో నాకు తెల్సు, నీకు తెల్సు, ప్రభువుకు తెల్సు. తెల్వనోళ్లకు చెప్పు."

ఇన్నేళ్లలో ఆయన నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. ఆ మాట నాకు శిక్షలా కాదు, కూర్చోమని పీట వేసినట్టుగా అనిపించింది. అయితే కూర్చోలేదు.

"రేపెల్లుండి గంగారెడ్డి దగ్గరికి పోత" అన్నాను.

"నేను గూడ వస్త. బండి నేను నడుపుత."

గంగారెడ్డి చెప్పింది

బుధవారం వాన ముసురుపట్టి ఉంది. నాది ఇప్పుడు గేర్లు లేని స్కూటీ, పౌలు కాలికి కష్టం లేదు. రెండు హెల్మెట్లు తీసుకుపోయాను. పౌలు రెండింటి అద్దాలనూ ఆకాశం వైపు పట్టి చూశాడు.

"సబ్బు పెట్టిండ్రా?"

"పెట్టిన."

"మంచిగనే నేర్సుకున్నరు" అన్నాడు. మళ్లీ మీరు అయ్యాను.

నేను వెనక కూర్చున్నాను. ఎంత నిదానంగా, ఎంత ఒడుపుగా నడిపాడో ఏం చెప్పను. అద్దం వేలెడు ఎత్తి, గుంతలను ముందే చూసి తప్పిస్తూ నడిపాడు. మోరీ వచ్చింది. ఒక్కసారి హారన్ కొట్టాడు. ఎదురుగా ఎవరూ లేరు.

గంగారెడ్డి ముసలివాడయ్యాడు. తల్లి పోయి చాలా ఏళ్లయింది. మమ్మల్ని చూసి వసారాలో కూర్చోబెట్టాడు. నేను టీ రాకముందే చెప్పేశాను.

"రెడ్డీ, నీ బర్రెకు దూడ చచ్చిన దినం బండి నేను నడిపిన. పౌలు కాదు. అవ్వకు అబద్ధం చెప్పిన."

ఆయన బీడీ వెలిగించుకుని తాపీగా అన్నాడు.

"నాకు ఆ దినమే ఎర్కైంది గద సాబ్."

నాకు అర్థం కాలేదు.

"కొట్టంలకు వచ్చినప్పుడు హెల్మెట్ నీ నెత్తి మీదనే ఉండె. ఎనక కూసున్నోడు హెల్మెట్ పెట్టుకొని, నడిపెటోడు బోడి నెత్తిన ఉంటడా? మా అవ్వ గూడ అన్నది. ఊళ్లె అందరికి తెల్సు."

"మరి ఎందుకు అడగలే? పౌలును ఎందుకు అట్ల అనుకుంట నవ్విండ్రు?"

గంగారెడ్డి పౌలు వైపు చూసి, చూపు దించుకున్నాడు.

"నీతోని మాకు పనుండె సాబ్. మల్ల బర్రెకు పానం బాగలేకుంటె నువ్వే రావాలె. పౌలుతోని ఏం పనుండె?"

నా అబద్ధాన్ని ఊరంతా నమ్మిందనే అనుకుంటూ ఇన్నేళ్లు సిగ్గుపడ్డాను. ఎవరూ నమ్మలేదు. నమ్మినట్టు నటించారు. తిట్టవలసిన వాణ్ణి తిట్టలేక, తిట్టినా ఏమీ కాని వాణ్ణి ఎగతాళి చేశారు. నాకు తగలవలసిన ఆ మాటలను నా పక్కన నిలబడి పౌలు వినేవాడు. ఊరంతటికీ తెలుసని ఆయనకు తెలుసా? దారిలో అడిగాను.

"తెల్వక ఏం? గందుకే నవ్విన" అన్నాడు.

కొత్తగా చేరేవాళ్లారా, ఇది మాత్రం రాసుకోండి. ఊళ్లలో మీకిచ్చే మర్యాదలో సగం అవసరం. దాన్ని మీ మంచితనానికి దక్కిన బిరుదు అనుకోకండి. మీ తప్పు మీకు ఎవరూ చెప్పరు. దాన్ని మీ కింద ఉన్నవాడి మీద వేసి మీకే చూపిస్తారు.

ప్రార్థన కూటం

నమ్మినవాళ్లు ఒక్కచోటే ఉన్నారు. నేను రాసిన కాగితాన్ని నమ్మి చర్చి పెద్దలు తాళంచెవి తీసుకున్నారు. గురువారం సాయంత్రం పౌలుతో కలిసి ప్రార్థన కూటానికి పోయి, అనుమతి అడిగి, లేచి నిలబడి చెప్పాను. పాతిక మంది ఉంటారు. అప్పటి పెద్దల్లో ఒక్కరే మిగిలారు.

ఆయన పౌలు వైపు తిరిగాడు. "పౌలూ, మేము నిన్ను ఒక్క మాట అడగకుంటనే తీసుకున్నం" అన్నాడు. తర్వాత అందరూ ప్రార్థన చేసుకున్నారు. తాళంచెవి తిరిగి రాలేదు. వ్యాను కొత్తది, దానికి వేరే డ్రైవరు ఉన్నాడు. పౌలుకు అరవై ఏడు. కొన్ని ఇక తిరిగి రావు, నేను ఎంత గట్టిగా చెప్పినా రావు. బయటికి వచ్చేటప్పుడు పౌలు ఆ వ్యాను దగ్గర ఆగాడు. ముందు అద్దం మీద ఎండిన బురద ఉంది. గోకబోయి ఆగి, సీసాలో నీళ్లు అడిగి పోసి, అప్పుడు రుమాలుతో తుడిచాడు.

శుక్రవారం

శిక్షణ చివరి రోజు. పావుగంట ఇమ్మని బతిమాలుకుని మళ్లీ మైకు పట్టుకున్నాను. పౌలును వెనక వరుసలో కూర్చోబెట్టాను.

"సోమవారం మీకు రెండు అబద్ధాలు చెప్పిన" అని మొదలుపెట్టి, ఇక్కడ రాసిందంతా చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. కొందరు నన్ను చూడలేక కింద చూశారు. మౌనిక నోటుబుక్కు తెరిచి సోమవారం పేజీ వెతికింది. ఒక గీత కొట్టింది. తర్వాత తలెత్తింది.

"సబ్బు పెట్టుడు నేర్పిన ఆయన పేరు రాసుకుంట సార్. పూర్తి పేరు చెప్పుండ్రి."

"కె. పౌలు."

"కె అంటే?"

నాకు తెలియదు. పదకొండేళ్లు రోజూ హాజరు పుస్తకంలో ఆ సంతకం చూశాను. ఆ కాగితం మీద దగ్గరుండి పెట్టించాను. కె అంటే ఏమిటో ఒక్కనాడూ అడగలేదు.

వెనక నుంచి పౌలు లేచాడు.

"కొండ్ర. కొండ్ర పౌలు, బిడ్డా" అన్నాడు.

అమ్మాయి రాసుకుంది. నలభై మందీ రాసుకున్నారు.

పౌలును ముందుకు రమ్మన్నాను. కుంటుతూ వచ్చాడు. బల్ల మీద ఒక హెల్మెట్, సబ్బు బిళ్ల, గుడ్డ, బకెట్లో నీళ్లు, మగ్గు ఉన్నాయి. బయటి మురికికి ముందు నీళ్లు, తర్వాతే గుడ్డ అని చెబుతూ హెల్మెట్‌ను రెండు చేతులతో బకెట్ మీదికి పట్టుకున్నాడు. అలవాటు చొప్పున పక్కకు చూసి, "ఎవలన్న జర నీళ్లు పొయ్యిండ్రి" అన్నాడు.

ముందు వరుసలోంచి ఇద్దరు పిల్లలు లేచారు. వాళ్లకంటే ముందు నేనే మగ్గు అందుకున్నాను. నీళ్లు భళ్లున పడ్డాయి.

"సన్నగ పొయ్యిండ్రి సార్" అన్నాడు పౌలు.

మళ్లీ ముంచాను. ధార తెగకుండా, సన్నగా, ఆయన ఇక చాలనేదాకా పోశాను.